మనసును ఒకచోట నిలిపిన దినచర్య – ఇమామ్ నవవీ (రహ్మలై) జీవితం

నమాజుకు నిలబడతాం. తక్బీర్ పలికి చేతులు కడతాం. సూరె ఫాతిహా సగానికి వచ్చేసరికి మనసు దుకాణంలోనో, పొలం గట్టు మీదో, నిన్న ఎవరో అన్న మాటలోనో తిరుగుతూ ఉంటుంది. ఎన్ని రకాతులు అయ్యాయో పక్కవాణ్ణి చూసి తేల్చుకునేవాళ్ళూ మనలో ఉన్నారు. మద్రసా విద్యార్థి కితాబు తెరుస్తాడు. రెండు పంక్తులు చదివేలోపు జేబులో ఫోను కదులుతుంది. చెయ్యి దానంతటదే అటు పోతుంది. తిరిగి కితాబు వైపు వచ్చేసరికి ఎక్కడ ఆపాడో గుర్తుండదు.

ఏకాగ్రత అనేది కొందరికి పుట్టుకతో వచ్చే వరమని చాలామంది అనుకుంటారు. తమ పిల్లవాడికి అది లేదని తల్లిదండ్రులు నిట్టూరుస్తారు. మన పెద్దల జీవితాలు చదివితే వేరే సంగతి బోధపడుతుంది. వారికి కూడా మనసు చెదిరేది. అయితే ఏ వేళకు లేవాలి, ఏది తినాలి, దారిలో నడిచేటప్పుడు నాలుకకు ఏ పని ఇవ్వాలి, ఏ వస్తువును గదిలోకి రానివ్వకూడదు వంటి చిన్న చిన్న విషయాల్లో వారు పట్టుదలగా ఉండేవారు. ఆ చిన్న విషయాలే రోజూ జరిగి జరిగి మనసును ఒకచోట కూర్చోబెట్టేవి. ఈ సంగతి ఇమామ్ నవవీ (రహ్మలై) జీవితంలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదని మా అభిప్రాయం.

వారి పేరు తెలియని ముస్లిం ఇల్లు అరుదు. అస్ర్ నమాజు తర్వాత మన మస్జిదుల్లో చదివి వినిపించే రియాజుస్సాలిహీన్ వారిదే. పిల్లల చేత కంఠస్థం చేయించే నలభై హదీసుల సంకలనం కూడా వారిదే. (పేరుకు నలభై గాని, లెక్కకు అవి 42.) సహీహ్ ముస్లిం చదివే విద్యార్థి వారి వ్యాఖ్యానం తెరవకుండా ముందుకు సాగలేడు. హైదరాబాదు బార్కస్‌లో స్థిరపడిన హద్రమీ అరబ్బు కుటుంబాలు అనుసరించే షాఫిఈ మస్లక్‌లో అయితే వారి మిన్‌హాజ్ గ్రంథం మూలస్తంభం లాంటిది. ఇంత పని చేసిన మనిషి ఎన్నేళ్ళు బతికారు? చాంద్రమానం ప్రకారం 45 ఏళ్ళ పైచిలుకు. సౌరమానంలో లెక్కిస్తే 44. గ్రంథరచనకు దొరికిన కాలం పదిహేనేళ్ళకు అటూ ఇటూగా ఉంటుంది.

వారి అసలు పేరు యహ్యా. తండ్రి షరఫ్. హిజ్రీ 631 ముహర్రం మాసంలో, అంటే క్రీ.శ. 1233లో, సిరియా దేశపు హౌరాన్ మైదానంలోని నవా అనే ఊళ్ళో జన్మించారు. ఆ ఊరి పేరు మీదే నవవీ అయ్యారు. తండ్రి గొప్ప పండితుడేమీ కాదు. చిన్న దుకాణం నడుపుకునే దైవభీతిపరుడు. హలాల్ సంపాదన విషయంలో మాత్రం చాలా జాగ్రత్త గల మనిషి.

యహ్యా పదేళ్ళ వయసులో జరిగిన సంగతి ఒకటి చరిత్రకారులు రాశారు. మరాకష్ ప్రాంతానికి చెందిన యాసీన్ అనే బుజుర్గ్ ఒకసారి నవా వచ్చారు. వీధిలో పిల్లలు ఈ బాలుణ్ణి ఆటకు రమ్మని బలవంతంగా లాగుతున్నారు. అతను వాళ్ళ చేతుల్లోంచి తప్పించుకుని ఏడుస్తూ పరుగెత్తుతున్నాడు. ఆ ఏడుపులోనే ఖుర్ఆన్ పారాయణం సాగుతోంది. అది చూసి యాసీన్ గారి మనసు అతనిపై నిలిచింది. ఖుర్ఆన్ నేర్పే ఉస్తాద్ దగ్గరికి వెళ్ళి, ఈ పిల్లవాడు తన కాలంలో గొప్ప పండితుడు అవుతాడనే ఆశ ఉందని చెప్పారు. తమరు జ్యోతిష్కులా అని ఉస్తాద్ అడిగితే, కాదు, అల్లాహ్ తన చేత ఆ మాట పలికించాడని జవాబిచ్చారు. ఆ మాట తండ్రి చెవిన పడింది. తండ్రి కొడుకును దుకాణంలో కూర్చోబెట్టినా, బేరసారాల మధ్య కూడా అతని దృష్టి ఖుర్ఆన్ మీదే ఉండేది. యుక్తవయసు దగ్గరపడే నాటికి ఖుర్ఆన్ పూర్తి చేశారు.

ఇది చదివి, పిల్లలను ఆటలకు పంపకూడదని ఎవరూ అర్థం చేసుకోవద్దు. మేము గమనించమని కోరేది తండ్రిని. ఒక పెద్దమనిషి చెప్పిన మాటను ఆయన తేలిగ్గా తీసుకోలేదు. దుకాణంలో చేదోడుగా ఉండే కొడుకును చదువుకు వదులుకున్నాడు. చివరివరకూ ఆ కొడుకు తిండి భారం తానే మోశాడు.

హిజ్రీ 649లో, క్రీ.శ. 1251 ప్రాంతంలో, తండ్రి పంతొమ్మిదేళ్ళ యహ్యాను వెంటబెట్టుకుని దమిష్క్ తీసుకువచ్చాడు. నేటి సిరియా రాజధాని డమాస్కస్ అదే. ఆనాడు అది మద్రసాల నగరం. కొత్త విద్యార్థికి ముందుగా కావలసింది తలదాచుకునే చోటు. చివరికి రవాహియ్యా మద్రసాలో ఒక చిన్న గది దొరికింది. మద్రసా తరఫున ఇచ్చే రొట్టెలే ఆహారం. అక్కడే కమాలుద్దీన్ ఇస్‌హాఖ్ మగ్రిబీ అనే ఉస్తాద్ సహచర్యం లభించింది. ఈ కుర్రవాడి పట్టుదల, జనంతో అనవసరంగా కలవని స్వభావం చూసి ఉస్తాద్ ముచ్చటపడ్డారు. కొద్దికాలానికే తన పాఠాన్ని మిగతా విద్యార్థులకు మళ్ళీ చెప్పే బాధ్యత ఆయనకే అప్పగించారు.

మొదటి ఏడాది లెక్క చూడండి. షాఫిఈ ఫిఖ్‌హ్‌లో ప్రసిద్ధి చెందిన తంబీహ్ గ్రంథాన్ని నాలుగున్నర నెలల్లో కంఠస్థం చేశారు. మిగిలిన నెలల్లో ముహజ్జబ్ అనే పెద్ద గ్రంథంలోని ఆరాధనల భాగం, అంటే నాలుగో వంతు, కంఠస్థం చేశారు. ఈ వేగం వెనుక ఒక అమాయకత్వం కూడా ఉండేది. తంబీహ్‌లో గుసుల్ తప్పనిసరి చేసే కారణాల్లో ఒకదాని అర్థం తెలియక, అది కడుపులో గుడగుడ అని చాలాకాలం పొరబడ్డారట. కడుపు గుడగుడలాడినప్పుడల్లా చన్నీళ్ళతో స్నానం చేసేవారట! పల్లె నుంచి వచ్చిన సిగ్గరి కుర్రవాడు మరి, ఎవరినీ అడగలేకపోయాడు. తర్వాతి రోజుల్లో ఆయన చదివిన ప్రతి పాఠంలో కఠిన పదానికి అర్థం, అస్పష్టమైన వాక్యానికి వివరణ, ఉచ్చారణ సరిచూసే గుర్తులు పక్కనే రాసుకునే అలవాటు చేసుకున్నారు. ఆ అలవాటుకు ఈ చన్నీళ్ళ స్నానాలు కూడా కొంత కారణమై ఉంటాయని మాకు అనిపిస్తుంది. చేతిలో కలం ఉన్నవాడి కన్ను పంక్తి మీద నుంచి జారిపోదు. చదువుతూ రాసుకునే విద్యార్థికీ, ఊరకే పేజీలు తిప్పే విద్యార్థికీ ఉన్న తేడా ప్రతి ఉస్తాద్‌కూ తెలుసు.

హిజ్రీ 651లో తండ్రితో కలిసి హజ్ యాత్రకు వెళ్ళారు. నవా నుంచి బయలుదేరిన దగ్గర్నుంచి అరఫా రోజు వరకు జ్వరం విడువలేదు. అయినా నోట ఒక్క మూలుగు కూడా వినలేదని తండ్రి తర్వాత చెప్పేవాడు. తిరిగి దమిష్క్ చేరాక ఆయన మీద విద్య వాన కురిసినట్టు కురిసిందని శిష్యులు రాశారు.

రోజుకు పన్నెండు పాఠాలు! ఉస్తాదుల ముందు కూర్చుని, వివరణతో, సరిచూసుకుంటూ చదివే పాఠాలు. ఇమామ్ గజాలీ గారి వసీత్ రెండు పాఠాలు, ముహజ్జబ్ ఒకటి, బుఖారీ, ముస్లిం హదీసులను కలిపిన సంకలనం ఒకటి, సహీహ్ ముస్లిం ఒకటి. ఇవిగాక నహ్వ్‌లో, సర్ఫ్‌లో, అరబీ భాషలో, ఉసూలె ఫిఖ్‌హ్‌లో, హదీసు ఉల్లేఖకుల పరిచయంలో, అఖీదాలో పాఠాలు. ఒక మద్రసా నుంచి మరో మద్రసాకు నడిచి వెళ్ళాలి కదా, ఆ దారిలో కూడా నోటితో పాత పాఠం వల్లె వేసుకుంటూనే నడిచేవారు. ఈ పద్ధతిలో సుమారు ఆరేళ్ళు గడిచాయి.

పాఠాలు ఇన్ని ఉంటే మనసు చెదరదా అనే ప్రశ్న సహజం. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. విషయాలు పన్నెండైనా దిశ ఒక్కటే. అన్నీ ఖుర్ఆన్, హదీసు, ఫిఖ్‌హ్ అనే ఒకే చెట్టు కొమ్మలు. ఆ చెట్టు దాటి బయటికి వెళ్ళబోయినప్పుడు ఏం జరిగిందో ఆయన స్వయంగా శిష్యులకు చెప్పుకున్నారు.

ఒకసారి వైద్యశాస్త్రం కూడా నేర్చుకోవాలని కోరిక పుట్టింది. ఇబ్నె సీనా రాసిన అల్ ఖానూన్ అనే మహాగ్రంథం కొని గదికి తెచ్చుకున్నారు. ఇక అప్పటి నుంచి గుండెలో చీకటి కమ్మినట్టయింది. కొన్ని రోజుల పాటు ఏ పుస్తకం పట్టుకున్నా చదువు సాగలేదు. ఈ స్థితి ఎక్కడి నుంచి దాపురించిందని కూర్చుని ఆలోచించారు. వైద్యం వైపు మళ్ళడమే కారణమని అల్లాహ్ మనసులో తోపించాడు. వెంటనే ఆ గ్రంథం అమ్మేశారు. అంతటితో ఊరుకోలేదు. వైద్యానికి సంబంధించినది ఏదున్నా గదిలోంచి బయటికి పంపించేశారు. మనసు మళ్ళీ వెలిగింది, పాత స్థితి తిరిగి వచ్చింది.

ఈ సంఘటనను పట్టుకుని వైద్యవిద్య తక్కువదని ఎవరైనా అంటే అది పొరపాటు. వైద్యం నేర్చుకోవడం సమాజం మీద ఫర్జె కిఫాయా అని షాఫిఈ ఉలమాలే రాశారు. ఇక్కడ నేర్చుకోవలసింది వేరు. మనసు చెదిరినప్పుడు మనం మనసును తిట్టుకుంటాం, లేదా షైతాన్ మీద తోసేసి ఊరుకుంటాం. ఇమామ్ గారు తిట్టుకోలేదు. ఏ తలుపు గుండా లోపలికి వచ్చిందని వెదికారు. తలుపు దొరికాక పుస్తకాన్ని అటక మీద పెట్టలేదు, ఎప్పుడైనా పనికొస్తుందని దాచుకోలేదు. ఇంటి నుంచే తీసేశారు. ఫోనును తలగడ కింద పెట్టుకుని ఏకాగ్రత కుదరడం లేదని వాపోయే మన యువకులు ఈ ఒక్క ఘట్టాన్ని రెండుసార్లు చదివితే బాగుంటుంది.

ఆయన తిండి, నిద్ర సంగతి వింటే ఆశ్చర్యం కలుగుతుంది. పగలూ రాత్రీ కలిపి ఇషా తర్వాత ఒక్కసారే భోజనం. సహ్రీ వేళ ఒక్కసారే నీళ్ళు తాగడం. ఎవరో ఖీరా దోసకాయ తొక్క తీసి ఇస్తే, అది ఒంటికి తేమ పెంచి నిద్ర తెస్తుందని తినలేదు. దమిష్క్ పండ్లకు పేరుమోసిన నగరం. ఆయన ఆ పండ్లు ముట్టేవారు కాదు. అక్కడి తోటల్లో చాలావరకు వక్ఫ్ ఆస్తులు, అనాథల వంటివారి ఆస్తులు కలిసి ఉన్నాయనీ, కౌలు వ్యవహారాలు సందేహాస్పదమనీ ఆయన భావం. తండ్రి నవా నుంచి పంపే ఎండు రొట్టెలు, అత్తిపండ్లతో సరిపెట్టుకునేవారు. రెండేళ్ళ పాటు పక్క నేలకు ఆనించి పడుకోలేదు. తర్వాత ఖాజీ అయిన బద్రుద్దీన్ ఇబ్నె జమాఅహ్ ఒకసారి నిద్ర గురించి అడిగితే, మరీ ముంచుకొచ్చినప్పుడు కాసేపు పుస్తకాలకు ఆనుకుని, మెలకువ రాగానే లేస్తానని చెప్పారట. ఆ గదికి ఎవరైనా వస్తే కూర్చునే చోటు కోసం పుస్తకాల మీద పుస్తకాలు పేర్చవలసి వచ్చేది.

ఇలాంటి వర్ణనలు చేసి, మీరూ ఇలాగే ఉండండి అని చెప్పే వక్తలు ఉన్నారు. మేము ఆ మాట చెప్పం. శరీరానికీ మన మీద హక్కు ఉందని దైవప్రవక్త (స) బోధించారు. ఇమామ్ గారు పెళ్ళి చేసుకోలేదు, నడి వయసు దాటకుండానే వెళ్ళిపోయారు. అది వారికీ వారి ప్రభువుకూ మధ్య ఉన్న విషయం. అందరూ నడవవలసిన మార్గం అది కాదని వారి గ్రంథాలే సాక్ష్యమిస్తున్నాయి. మజ్మూ అనే గ్రంథం మొదట్లో విద్యార్థి మర్యాదల గురించి వారు రాసిన అధ్యాయం చూడండి. తన విషయంలో అంత కఠినంగా ఉన్న మనిషి ఇతరుల విషయానికి వచ్చేసరికి ఎంత మెత్తబడ్డారో!

విద్యార్థి శక్తికి మించిన బరువు ఎత్తుకోకూడదని, అలా చేస్తే విసుగు పుడుతుందని, ఒక్కొక్కరి శక్తి ఒక్కో రకంగా ఉంటుందని అక్కడ రాశారు. సమయాన్ని వృథా చేయవద్దంటూనే భోజనానికి, తగినంత నిద్రకు, విసుగు పోవడానికి కాస్త విశ్రాంతికి మినహాయింపు ఇచ్చారు. పాఠం పొద్దున్నే మొదలుపెట్టమన్నారు. ఉస్తాద్ దగ్గరికి వెళ్ళేముందు మనసులోని ఇతర పనులను ఖాళీ చేసుకుని వెళ్ళమన్నారు. ఉస్తాద్‌కు కూడా నియమం పెట్టారు. ఆకలితోనో, జబ్బుతోనో, కాలకృత్యం ఆపుకునో, పట్టలేని సంతోషంలోనో, దుఃఖంలోనో ఉన్నప్పుడు పాఠం చెప్పకూడదు. ఏకాగ్రత అంటే కళ్ళు మూసుకుని బిగబట్టడం అనుకునేవారు ఈ మాటలు గమనించాలి. ఒంటిని స్థిమితపరచిన తర్వాతే మనసు వంతు వస్తుందని ఆ మహనీయునికి తెలుసు.

అజ్కార్ గ్రంథంలో ఇంకో విలువైన సంగతి ఉంది. నిద్ర లేచిన దగ్గర్నుంచి పడుకునే వరకు ఏ సందర్భంలో ఏ దుఆ చదవాలో కూర్చిన గ్రంథం అది. దాని ప్రారంభంలోనే జిక్ర్ అసలు ఉద్దేశం హృదయం హాజరుగా ఉండటమేనని, అందుకే పలికేదాని అర్థం మీద ధ్యాస పెట్టాలని వివరించారు. కూర్చునే చోటు శుభ్రంగా, మనసు లాగే వస్తువులు లేకుండా ఉండాలన్నారు. రోజూ ఒక వేళకు చేసే జిక్ర్ ఏ కారణంగానైనా తప్పిపోతే, గుర్తొచ్చినప్పుడు చేసుకోమన్నారు. కారణం ఏమని రాశారంటే, తప్పినదాన్ని తీర్చుకునే అలవాటు ఉన్నవాడికి అసలు వేళ తప్పిపోదు, తీర్చుకోవడంలో అలసత్వం చూపేవాడికి అసలు వేళలోనే వదిలేయడం తేలికైపోతుంది. ఒక పూట తప్పగానే మొత్తం మానేసే మనబోటివారి జబ్బుకు ఇది సరైన మందు. రమజాన్‌లో మొదలైన ఎన్ని మంచి అలవాట్లు షవ్వాల్‌లో ఒక్కరోజు తప్పినందుకు ఏడాదంతా ఆగిపోయాయో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు.

ఇంతా చేసి వారి కాలం ప్రశాంతమైనదా అంటే, కాదు. ఆయన దమిష్క్‌లో ఉన్న రోజుల్లోనే, 1258లో, తాతారుల చేతిలో బగ్దాద్ కూలింది. 1260లో దమిష్క్ కూడా కొన్ని నెలలు వారి వశమైంది. అదే ఏడాది ఐనె జాలూత్ యుద్ధంతో ఆ ముప్పు తొలగింది. తర్వాత సుల్తాన్ బైబర్స్ పాలన వచ్చింది. హిజ్రీ 665లో అబూ షామా గారి మరణానంతరం అష్రఫియ్యా దారుల్ హదీస్ పెద్ద పదవి ఇమామ్ గారిని వరించింది. ఆ పదవి తాలూకు సొమ్ము తన సుఖానికి వాడుకోలేదు. గూతా ప్రాంతపు తోటలు, భూములు ప్రభుత్వం స్వాధీనం చేసుకోబోయినప్పుడు, ప్రజల మీద పన్నుల భారం పెరిగినప్పుడు సుల్తాన్‌కు నేరుగా ఉత్తరాలు రాశారు. కోపంతో జవాబు వచ్చినా వెనక్కి తగ్గలేదు. ఈ మనిషిని చూస్తే తనకు భయం వేస్తుందని బైబర్స్ అన్నట్టు చరిత్రకారులు రాశారు. గదిలో కూర్చుని చదువుకునేవాడికి లోకం పట్టదనే అపవాదు ఆయన విషయంలో చెల్లదు. పోగొట్టుకోవడానికి ఏమీ లేనివాడికి సుల్తాన్ ముందు కూడా మనసు చెదరదు.

మరో సంగతి చెప్పాలి. శిష్యుడు అలాఉద్దీన్ ఇబ్నుల్ అత్తార్‌ను ఒకరోజు పిలిచి, తన చేతిరాతతో ఉన్న సుమారు వెయ్యి కాగితాల కట్టలను కాగితాల దుకాణానికి తీసుకెళ్ళి, దగ్గరుండి సిరా కడిగించమని ఆజ్ఞాపించారు. మాట తప్పితే ఊరుకోనని హెచ్చరించారు. ఆనాడు కాగితం కడిగి మళ్ళీ వాడుకునేవారు. శిష్యుడు ఆజ్ఞ పాటించాడు, కాని ఆ బాధ తన గుండెలో ఇంకా మిగిలే ఉందని తర్వాత రాసుకున్నాడు. ఆ కట్టల్లో ఏముందో ఇక తెలిసే దారి లేదు. చదివిన మనకూ ఆ బాధ కలగకమానదు. అయితే ఉంచినదేదో, తీసేయవలసినదేదో తేల్చుకునే ఆ కాఠిన్యం, అల్ ఖానూన్ అమ్మేసిన నాటి యువకుడిదే.

రియాజుస్సాలిహీన్ హిజ్రీ 670 రమజాన్‌లో పూర్తయినట్టు గ్రంథం చివర వారే రాశారు. మజ్మూ రచన మాత్రం వ్యాపార వ్యవహారాల ప్రకరణంలో, వడ్డీ గురించిన భాగం దగ్గర ఆగిపోయింది. తర్వాత తఖీయుద్దీన్ సుబ్కీ గారు దాన్ని కొంతదూరం ముందుకు నడిపారు.

హిజ్రీ 676లో ఇమామ్ గారు ఉన్నట్టుండి ప్రయాణానికి సిద్ధమయ్యారు. ముందుగా, వక్ఫ్ గ్రంథాలయాల నుంచి తెచ్చుకున్న పుస్తకాలన్నీ తిరిగి అప్పగించారు. తన ఉస్తాదుల సమాధుల వద్దకు వెళ్ళి, దుఆ చేసి కన్నీళ్ళు పెట్టుకున్నారు. బతికి ఉన్న మిత్రులను కలిసి వీడ్కోలు చెప్పారు. బైతుల్ మఖ్‌దిస్, అల్ ఖలీల్ నగరాలు దర్శించుకుని నవా చేరారు. అక్కడే తండ్రి ఇంట్లో జబ్బుపడ్డారు. రజబ్ 24వ రాత్రి, క్రీ.శ. 1277 డిసెంబరులో, కన్నుమూశారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. దమిష్క్‌కు వార్త చేరేసరికి నగరమంతా దుఃఖంలో మునిగింది. ఆయన్ను నవాలోనే ఖననం చేశారు. కొడుకును చదువు కోసం దమిష్క్ తీసుకెళ్ళిన ఆ తండ్రి అప్పటికి ఇంకా జీవించే ఉన్నాడు.